పాదము కుదిరిన మోకాలు నొవ్వదు

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునందలి భిలాయి ఉక్కు పట్టణములో పవర్ హౌస్ అనునది అందరెరిగిన పేట. హౌరా నుండి నాగపూరు మీదుగా ముంబయి పోవు రైలు మార్గమున ఆ పేరుతోనే ఒక స్టేషను కలదు. స్టేషను చేరువనే బజారు, బజారు ప్రక్కనే జి.ఇ. రోడ్డు, అచ్చటి నుండి చీలి పోవు నందిని రోడ్డు. 1955 ఫిబ్రవరి 2వ తేదీన సోవియట్ యూనియనుతో కుదిరిన ఒప్పందము ననుసరించి భిలాయిలో ఉక్కు కర్మాగారము నిర్మింపబడినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన నాటి రాష్ట్రపతి డాక్టరు రాజేంద్ర ప్రసాదుగారు దాని మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. కర్మాగారము వెంట దేశపు నలుమూలల నుండి శ్రామికులు వచ్చి చేరిరి. వారిలో తెలుగువారును చాలమంది కలరు. అట్లు వచ్చిన కుటుంబములలో మూడవ తరము నేడు అచ్చట పెరుగుచున్నది.

భిలాయి చదునైన నేల. ఇంటికిని పనికిని నడుమ దూరము నడచుటకు ఎక్కువ, బస్సుకై కనిపెట్టుకొని యుండుటకు తక్కువ. అట్టిచోట సైకిలు శ్రామికునకు సహజమైన వాహనము. నేడు మోటారు వాహనములు పెరిగినను, పవర్ హౌస్ బజారులో దుకాణమునకు వచ్చువారు, షిఫ్టుకు పోవువారు, బడికి పోవు పిల్లలు ఇప్పటికిని సైకిలు త్రొక్కుచునే యున్నారు. ఇటీవల ఉదయము వ్యాయామమునకై గేర్ల సైకిళ్లపై దూరప్రయాణములు చేయు యువకులును ఎక్కువైరి. ఈ రెండు తెగలవారికిని ఒక ఫిర్యాదు సామాన్యము: మోకాలి నొప్పి.

ఈ నొప్పికి మనవారు చెప్పు కారణములు మూడు. వయస్సు వచ్చినదందురు, వాతమందురు, సైకిలు త్రొక్కుటయే చెరుపందురు. చేయు చికిత్సలును మూడే. తైలము మర్దించుట, మందుల దుకాణమున నొప్పి బిళ్ల కొని మ్రింగుట, చివరకు సైకిలును మూలకు నెట్టుట. ఈ మూడింటికంటెను ముందుగా చేయవలసిన నాలుగవ పని యొకటి కలదని నా అభిప్రాయము. స్పానరు చేతబట్టి సీటును, పెడలును, పాదరక్షను మనిషి కొలతకు తెచ్చుటయే ఆ పని. గోటితో పోవుదానికి గొడ్డలి యెందుకని మన పెద్దలు అడిగిరి. స్పానరు త్రిప్పిన పోవు నొప్పికి నెలల తరబడి మందు మ్రింగుట ఏల?

మోకాలు ఎందుకు నొచ్చును

మోకాలు ముఖ్యముగా తలుపు బందువలె ముందువెనుకలకు మడుగు కీలు. ప్రక్కకు మెలితిరుగుటకు దానికి కొద్దిపాటి స్వేచ్ఛయే కలదు. పైన తుంటి, క్రింద చీలమండ నలువైపుల కదలగలవు. నడుమనున్న మోకాలు మాత్రము పై తప్పును, క్రింది తప్పును తానే భరించును. రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకొన్నదను సామెత కలదు కదా; మన శరీరములో ఆ మద్దెల మోకాలే. పాదము వంకరగా నిలిచిన ఆ మెలిక మోకాటికి ఎక్కును. నడుము ఊగిన ఆ ఊపు మోకాటికి దిగును. నొప్పి ఒకచోట, దోషము మరొకచోట నుండుటచేతనే మర్దనము ఎంత చేసినను గుణము నిలువదు.

ఇక లెక్క చూడుడు. ముందు 44 పళ్ల చక్రము, వెనుక 18 పళ్ల ఫ్రీవీలు, 28 అంగుళముల చక్రములు గల సాధారణ సైకిలు, పెడలు ఒకమారు తిరిగినప్పుడు సుమారు అయిదున్నర మీటర్లు ముందుకు పోవును. అయిదు కిలోమీటర్ల దూరమునకు పెడలు సుమారు 900 సార్లు తిరుగును. రాకపోకలు కలిపిన 1,800. సంవత్సరమునకు 300 పనిదినములని లెక్కించిన, ప్రతి మోకాలును అయిదు లక్షలకు మించి మడిగి చాగును. ఒక్కసారి వంకరగా మడిగిన మోకాటికి ఏమియు కాదు. అదే వంకర అయిదు లక్షలసార్లు జరిగినప్పుడు కండరమును ఎముకకు కట్టియుంచు స్నాయువు రేగును. మోకాటి చిప్ప వెనుక ఒరిపిడి కలుగును. కావున స్వల్పమైన కొలత తప్పును స్వల్పమని తలంపరాదు. అరంగుళపు తప్పును ఏడాది పొడవున చేయు పనిచే గుణించి చూచుకొనవలెను.

మొదట సీటు ఎత్తు

మన ఊళ్లలో సైకిలు సీటు చాలవరకు మిక్కిలి క్రిందుగా నుండును. రెండు పాదములును నేలపై పూర్తిగా ఆనవలెనను కోరికయే దీనికి కారణము. సీటు క్రిందుగా నున్నప్పుడు పెడలు పైకి వచ్చినవేళ మోకాలు అతిగా మడుగును. అట్లు మడిగిన స్థితిలోనే బలము పెట్టి త్రొక్కవలసి వచ్చుటచే మోకాటి చిప్ప తొడయెముకపై గట్టిగా అదుమబడును. 1980వ దశకమున స్వీడన్ దేశపు పరిశోధకులు సైకిలు త్రొక్కువారి మోకాళ్లపై పడు బలములను కొలిచి, సీటు ఎత్తు తగ్గినకొలది మోకాటి చిప్పపై ఒత్తిడి పెరుగునని చూపిరి. మోకాటి ముందు భాగమున నొప్పి, మెట్లు ఎక్కునప్పుడు ఆ నొప్పి హెచ్చుట, కొంతసేపు కూర్చుండి లేచునప్పుడు పట్టివేసినట్లుండుట ఈ దోషమునకు సాధారణ చిహ్నములు.

సరియైన ఎత్తు తెలిసికొనుటకు యంత్రము అక్కరలేదు. ఒకరు సైకిలును నిలువుగా పట్టుకొనవలెను, లేదా గోడకు ఆనించవలెను. రోజును ధరించు పాదరక్షతోనే సీటుపై నిటారుగా కూర్చుండి, పెడలును అన్నిటికంటె క్రిందికి తెచ్చి, దానిపై మడమ నుంచవలెను. అప్పుడు కాలు తిన్నగా చాగవలెను. నడుము మాత్రము ఒక ప్రక్కకు ఒరగరాదు. ఈ ఎత్తులో సీటు బిగించి, పాదపు ముందుభాగముతో త్రొక్కినచో, పెడలు క్రిందనున్నవేళ మోకాలు కొద్దిగా, అనగా సుమారు 25 మొదలు 35 డిగ్రీల వరకు మడిగియుండును. మోకాటికి హితమైన మడత అదియే.

మితము మీరిన ఎత్తును తగదు. సీటు ఎక్కువ ఎత్తైనచో క్రింది పెడలు అందుకొనుటకు నడుము అటునిటు ఊగును. మోకాటి వెనుక భాగము లాగినట్లు నొచ్చును. ఇన్నాళ్లు క్రింది సీటుకు అలవాటుపడినవారు ఒక్కనాడే రెండంగుళములు పెంచరాదు. పావు అంగుళము, అరంగుళము చొప్పున పెంచుకొనుచు, ప్రతి మార్పు తరువాత కొన్నిదినములు త్రొక్కి చూడవలెను. సీటును మోయు గొట్టముపై గీత యున్నచో ఆ గీతను దాటి పైకి లాగరాదు. గీత లేనిచో కనీసము రెండున్నర అంగుళముల గొట్టము ఫ్రేము లోపల నుండవలెను. లేకున్న అది విరిగి ప్రమాదము కలుగును.

ఎత్తు కుదిరిన పిమ్మట సీటు ముందువెనుకలు చూడవలెను. రెండు పెడళ్లును నేలకు సమానమైన ఎత్తులో నుండగా, దారమునకు చిన్న బరువు కట్టి, ముందుకాలి మోకాటి చిప్ప క్రిందనుండి వ్రేలాడదీసిన, అది పెడలు ఇరుసునకు ఇంచుమించు సూటిగా దిగవలెను. ఇది స్థూలమైన ప్రమాణమే కాని శాసనము కాదు. మోకాలు చాల ముందుకు పోయియున్నచో సీటును కొంచెము వెనుకకు జరుపవలెనని దీనిచే తెలియును.

పాదము, పెడలు, పాదరక్ష

సీటు తరువాత పాదము. పెడలుపై నిలువవలసినది మడమ కాదు, మునివ్రేళ్లును కావు. బొటనవ్రేలి మొదట అరికాలియందు ఉబ్బెత్తుగా నుండు భాగము పెడలు ఇరుసుపైగాని, దానికి కొద్దిగా ముందుగాని ఉండుట మంచిది. మడమతో త్రొక్కువానికి చీలమండ సరిగా పనిచేయదు. పిక్క బలము వ్యర్థమగును. మునివ్రేళ్ల కొనలతో త్రొక్కువానికి పిక్కకును, మడమ వెనుకనున్న స్నాయువునకును శ్రమ హెచ్చును.

పాదము ఏ దిక్కునకు చూడవలెను? ఎత్తైన బల్లపై కూర్చుండి కాళ్లు వ్రేలాడవిడిచిన, కొందరి పాదములు సూటిగా నిలుచును, కొందరివి వెలుపలికి తిరుగును, అరుదుగా కొందరివి లోపలికి తిరుగును. అది వారి వారి ఎముకల నిర్మాణము. సహజముగా వెలుపలికి తిరుగు పాదమును బలవంతముగా సూటిచేసిన, మోకాటి లోపలి ప్రక్కకుగాని వెలుపలి ప్రక్కకుగాని మెలిక పడును. అందరి పాదములును ఒకే విధముగా నుండవలెనను నియమము కవాతునకు చెల్లును గాని సైకిలునకు చెల్లదు.

పాదము సరిగానుంచినను పెడలే వంకరయైనచో ప్రయోజనము లేదు. సైకిలు పడిపోయినప్పుడు పెడలు ఇరుసు వంగును. వంగిన పెడలు తిరిగిన ప్రతిసారియు పాదమును ఒక ప్రక్కకు ఒరగించును. ఆ ఒరపు మోకాటికి ఎక్కును. పెడలు రబ్బరు ఒకవైపు అరిగిపోయినను ఇదియే జరుగును. పాత సైకిళ్లలో క్రాంకును బిగించు కాటర్ పిన్ను వదులైనచో, రెండు క్రాంకులును ఒకే గీతలో నిలువవు; ఒక కాలు ముందుగా, ఒక కాలు వెనుకగా త్రోయుచుండును. వెనుక నిలిచి ఒకరు చూచుచుండగా పెడలును చేతితో త్రిప్పిన ఈ లోపములన్నియు కంటికి కనబడును. కొత్త పెడలు వెల నొప్పి మందుల వెలతో పోల్చిన, ఏది చౌకయో ఎవరికి వారే నిర్ణయింపవచ్చును.

పాదరక్షను గూర్చియు ఒక మాట. హవాయి చెప్పు త్రొక్కునప్పుడు వంగును, చెమటకు వానకు జారును. జారకుండ పట్టుకొనుటకై వ్రేళ్లు ముడుచుకొని, కాలంతయు బిగిసియుండును. కర్మాగారమున ధరించు సేఫ్టీ బూటు ఇందుకు విరుద్ధము. దాని అడుగు గట్టిది, ముక్కు వెడల్పైనది, బరువును ఎక్కువ. పాదము ఎక్కడ ఆనినదో దానియందు తెలియదు. మడమ క్రాంకునకు తగులునని మడమను వెలుపలికి త్రిప్పి త్రొక్కుదురు. వీలైనవారు గట్టి అడుగు గల మామూలు బూటుతో త్రొక్కి, పనిచోట సేఫ్టీ బూటు ధరించుట మేలు. అట్లు వీలుకానివారు వెడల్పైన పెడళ్లు వేయించుకొనవలెను. సీటు ఎత్తును మాత్రము ఏ బూటుతో త్రొక్కుదురో ఆ బూటుతోనే కొలువవలెను. అడుగు మందము మారిన ఎత్తు మారును.

క్లీటు బూట్ల సంగతి

పై మాటలు సాధారణపు సైకిలుకు చెందినవి. దూరప్రయాణముల కొరకు గేర్ల సైకిలు కొన్న యువకులు బూటును పెడలునకు బంధించు క్లీటును వాడుచున్నారు. క్లీటు అనగా బూటు అడుగున మరలతో బిగింపబడు చిన్న బిళ్ల. అది పెడలులో చిక్కుకొని, మడమను ప్రక్కకు త్రిప్పినప్పుడు విడివడును. మంచుపై జారు స్కీ పరికరములను చేయు ఫ్రెంచి కంపెనీ లుక్, ఆ విద్యనే సైకిలునకు తెచ్చి, 1984లో ఇట్టి పెడలును ప్రవేశపెట్టినది. 1985లో బెర్నార్ ఇనో అను ఫ్రెంచి వీరుడు ఆ పెడళ్లతో టూర్ ద ఫ్రాన్స్ పోటీని గెలిచెను. ఆ ఇనోయే 1980లో అదే పోటీయందు అందరికంటె ముందుండియు, మోకాలి నొప్పిచే నడుమ విరమింపవలసి వచ్చెను. మోకాటికి వీరుడని, శ్రామికుడని భేదము లేదు.

క్లీటునందు గుణము ఎంత కలదో దోషమునకు తావును అంత కలదు. మామూలు పెడలుపై పాదము వంకరగా నిలిచిన, నొచ్చినప్పుడు మనిషి తెలియకయే దానిని సర్దుకొనును. క్లీటుతో బంధించిన పాదమునకు ఆ స్వేచ్ఛ లేదు. ఎట్లు బిగించితిమో అట్లే వేలసార్లు తిరుగును. అందుచేతనే తరువాత వచ్చిన క్లీట్లలో మడమ అటునిటు కొన్ని డిగ్రీలు కదలుటకు వీలు కల్పించిరి. షిమానో వారి రోడ్డు క్లీట్లలో ఎరుపురంగుదానికి కదలిక లేదు. నీలిదానికి 2 డిగ్రీలు, పసుపుదానికి 6 డిగ్రీలు కలదు. కొత్తగా నేర్చువారు పసుపుదానినే ఎన్నుకొనుట క్షేమము. కదలిక లేనిది పోటీదారు పాదమునకు తగునేమో గాని, కొలత తెలియని పాదమునకు సంకెల వంటిది.

బిగించు విధము ఇట్టిది. బూటు తొడిగి, బొటనవ్రేలి మొదటనున్న ఎముక ఉబ్బును, చిటికెనవ్రేలి మొదటనున్న ఉబ్బును వ్రేలితో తడిమి బూటుపై గుర్తు పెట్టవలెను. పెడలు ఇరుసు ఈ రెండు గుర్తుల నడుమ వచ్చునట్లు క్లీటు నుంచవలెను. సందేహమున్నచో ముందునకు గాక వెనుకకు జరుపుటయే మేలు. పిక్కకు శ్రమ తగ్గును. బల్లపై కూర్చుండి చూచుకొనిన పాదపు సహజమైన దిక్కునకు సరిపోవునట్లు క్లీటును త్రిప్పవలెను. ఇచ్చట ఒక విషయము తికమక పెట్టును: క్లీటు ముక్కును లోపలికి త్రిప్పిన పాదము ముక్కు వెలుపలికి తిరుగును, వెలుపలికి త్రిప్పిన లోపలికి తిరుగును. తరువాత సైకిలుపై కూర్చుండి, మడమ ఇరుప్రక్కలకు కొద్దిగా కదలుచున్నదా, మోకాలు పాదమునకు సూటిగా పైకి క్రిందికి పోవుచున్నదా అని చూడవలెను.

ఒకసారి ఒక్క మార్పే చేయవలెను, అదియు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించరాదు. సీటును, క్లీటును, హ్యాండిలును ఒక్కనాడే మార్చినవానికి దేనివలన నొప్పి తగ్గినదో, దేనివలన పెరిగినదో తెలియదు. మార్చుటకు ముందు పాత క్లీటు చుట్టును కలముతో గీత గీసికొనిన, నచ్చనప్పుడు తిరిగి మునుపటి చోటికి రావచ్చును. అరిగిన క్లీటు వదులై పాదమును ఒరగించును గనుక కాలానుగుణముగా మార్చవలెను. పెడలులో పట్టును అదుపుచేయు మర యుండును. కొత్తవారు దానిని వదులుగా నుంచి, ఆగినప్పుడు పాదము సులభముగా విడివడునట్లు చూచుకొనవలెను.

వినవచ్చు ఆక్షేపణలు

ఈ మాటలకు కొందరు అడ్డుచెప్పుదురు. మొదటి ఆక్షేపణ: పవర్ హౌస్ వంటి రద్దీ బజారులో సీటు ఎత్తుగానున్న కాలు నేలకు అందదు, పడిపోవుదుము అని. ఈ భయము నిరాధారము కాదు. కాని ఆగునప్పుడు సీటుపైనుండి ముందుకు జారి ఒక పాదము నేలనుంచుట కొద్దిదినములలో అలవడు విద్య. వృద్ధులును, కొత్తగా నేర్చువారును పూర్తి ఎత్తునకు పోనక్కరలేదు. ఇప్పుడున్న ఎత్తునకును సరియైన ఎత్తునకును నడుమ నిలిచినను మోకాటికి సగము మేలు. సైకిలువాడు భయముతో సీటు దించుకొనవలసిన రోడ్డు సరియైన రోడ్డు కాదనుటయు నిజమే. ఆ దోషమును దిద్దవలసినది పురపాలకులు. అంతవరకు మోకాటిని ఆ రోడ్డునకు బలియిచ్చుట న్యాయము కాదు.

రెండవ ఆక్షేపణ: మా తండ్రులు ఏ కొలతయు లేకుండ జీవితమంతయు త్రొక్కిరి, వారికేమైనదని. త్రొక్కినవారు మన కంటికి కనబడిరి. నొప్పిచే మానుకొన్నవారు కనబడకపోయిరి. నొప్పిని ఓర్చుకొని త్రొక్కినవారు దానిని చెప్పుకొనుటకు సిగ్గుపడిరి. ఓర్పును ఆరోగ్యమని భ్రమింపరాదు.

మూడవ ఆక్షేపణ అన్నిటికంటె బలమైనది: ఇంత బాధ యెందుకు, మోటారు సైకిలు కొనిన సరిపోదా అని. కొనగలవారు కొందురు. కాని సైకిలు మానినవానికి పోవునది సైకిలు మాత్రమే కాదు. పెద్దలు వారమునకు 150 మొదలు 300 నిమిషముల వరకు మితమైన వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. అయిదు కిలోమీటర్లు పోవుటకు 20 నిమిషములు, వచ్చుటకు 20 నిమిషములు పట్టువాడు, వారమునకు ఆరు దినములలో 240 నిమిషములు వ్యాయామము చేసినవాడగును. ప్రత్యేకించి ఒక గడియయైన వెచ్చింపకయే, జీతము కోల్పోకయే, గుండెకును రక్తపు చక్కెరకును మేలు చేసికొనుచున్నాడు. నెలనెల పెట్రోలు ఖర్చును అతనికి లేదు. మోకాళ్లు అరిగినవారికిని సైకిలు త్రొక్కుట మంచి వ్యాయామమని వైద్యులు తరచుగా సూచింతురు. శరీరపు బరువు సీటుపై నుండుటచే మోకాటిపై నడకకంటె తక్కువ భారము పడును. అరంగుళపు తప్పువలన ఇంతటి మేలును వదలుకొనుట వివేకము కాదు.

ఎవరు ఏమి చేయవలెను

ఈ పని రోగిపైననే వదలుట తగదని నా దృఢాభిప్రాయము. చొక్కా కొనునప్పుడు కొలత చూచుకొనుదుము; బూటు కొనునప్పుడు తొడిగి నడచి చూతుము. సైకిలు మాత్రము షాపులో ఎట్లు బిగించియుండునో అట్లే తెచ్చుకొందుము. సైకిలు అమ్ము ప్రతి షాపువాడును కొనువానిని కూర్చుండబెట్టి, మడమతో కొలిచి, సీటు బిగించి ఇచ్చుట అమ్మకములో భాగము కావలెను. దానికి పట్టునది అయిదు నిమిషములు. మరమ్మతు చేయువారు పంక్చరు వేయునప్పుడు పెడలు వంగినదా, కాటర్ పిన్ను వదులైనదా అని ఒక్కసారి త్రిప్పి చూచి చెప్పిన, వారి దుకాణము ఆ వీధికి చిన్న ఆరోగ్య కేంద్రమగును.

కర్మాగారములు శ్రామికుని తలకు టోపీ, పాదమునకు బూటు ఇచ్చుచున్నవి. సైకిలు స్టాండు వద్ద ఒక స్పానరును, గోడపై కొలత విధమును తెలుపు పటమును ఉంచుట వాటికి భారము కాదు. పెద్దదూరముల నుండి వచ్చువారికి వెనుక 18 పళ్లకు బదులు 20 పళ్ల ఫ్రీవీలు వేయించుకొనుమని సలహా చెప్పిన, ప్రతి తొక్కుడునకు పట్టు బలము సుమారు పదవ వంతు తగ్గును. కాలు కొంచెము త్వరగా తిరుగును, మోకాలు కొంచెము సుఖపడును.

పాఠశాలల మాట మరింత ముఖ్యము. ఛత్తీస్‌గఢ్‌లో సరస్వతీ సైకిల్ పథకము క్రింద ప్రభుత్వము హైస్కూలు బాలికలకు సైకిళ్లు ఇచ్చుచున్నది. ఎంతో మంచి పథకము. కాని ఒకే కొలత సైకిలు, ఒకే ఎత్తు సీటు అందరు బాలికలకును సరిపడదు. పంచునాడే ఒక ఉపాధ్యాయుడును, ఒక మెకానిక్కును నిలిచి ప్రతి బాలిక సీటును ఆమె కాలికి సరిచేసి పంపవలెను. పెరుగు వయస్సు గనుక ఆరునెలలకు ఒకసారి తిరిగి చూడవలెను. ఇంటిలో ఒక్క సైకిలును తండ్రియు కొడుకును వాడుకొనుచో, సీటు గొట్టముపై ఇద్దరి ఎత్తులకును రెండు రంగుల గీతలు పెట్టుకొనిన, మార్చుకొనుట నిమిషములో పని.

వైద్యుని ఎప్పుడు చూడవలెను

స్పానరు అన్ని నొప్పులకును మందు కాదు. మోకాలు వాచినను, వేడెక్కి ఎఱ్ఱబారినను, జ్వరము తోడైనను, మోకాలు మడిగినచోట బిగిసి చాగకున్నను, నడచునప్పుడు అకస్మాత్తుగా లొంగిపోవుచున్నను, పడిన తరువాత బరువు మోపలేకున్నను వెంటనే వైద్యుని చూడవలెను. పిక్క ఒకవైపు వాచి నొచ్చుచున్నను ఉపేక్షింపరాదు. విశ్రాంతిలోను, రాత్రియందును నిద్రపట్టనీయని నొప్పి సైకిలు కొలతకు సంబంధించినది కాకపోవచ్చును. కొలతలు సరిచేసిన రెండుమూడు వారములలో గుణము కనబడనిచోను పరీక్ష చేయించుకొనుట విధి.

నొప్పి బిళ్లలను తమంత తాము దినదినము మ్రింగుట మిక్కిలి అపాయకరము. వాటివలన కడుపులో పుండ్లు పడవచ్చును, మూత్రపిండములు చెడవచ్చును. భిలాయి వంటి చోట వేసవి ఎండలో, కొలిమి వేడిలో చెమటకారి శరీరము నీరు కోల్పోయినప్పుడు ఈ అపాయము ఇనుమడించును. బిళ్ల నొప్పిని కప్పిపుచ్చును. వంకర మాత్రము తిరుగుచునే యుండును.

కావున పాఠకులకు నా మనవి ఇంతమాత్రమే. రేపు సైకిలు ఎక్కుటకు ముందు మడమను పెడలుపై ఉంచి చూడుడు. కాలు చాగకున్న సీటును అరంగుళము లేపుడు. పెడలును త్రిప్పి, వంగియున్న మార్పించుడు. క్లీటు వాడువారు పాదము ఎటు చూచుచున్నదో కనిపెట్టి, దాని ఇచ్చకు విడువుడు. తరువాత కొన్నిదినములు త్రొక్కి చూడుడు. ఇంటిలోని తక్కినవారి సైకిళ్లను, ముఖ్యముగా పిల్లల సైకిళ్లను, అదే రోజున చూడుడు. సైకిలును మనిషికి తగినట్లు సరిచేయుట సాధ్యము. మనిషి మోకాటిని సైకిలుకు తగినట్లు సరిచేయుట ఎవరి తరమును కాదు.